వెంకటసుబ్బమ్మ కొనని డబరా

వెంకటసుబ్బమ్మకు ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూస్తుంది. కొత్తగా వచ్చిన నయాపైసలను గడప మీద మోగించి గానీ తీసుకోదు. గుడిలో తీర్థం పుచ్చుకునేటప్పుడు మాత్రం కళ్లు మూసుకుంటుంది. దేవుడి దగ్గర ఆమెకు అనుమానం లేదు. ఇంట్లో దుడ్లు వదిలిపెట్టడం భయం కనుక, ఎక్కడికి పోయినా రొండిలో సంచి దోపుకునే పోతుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏట ఆ సంచిలో ముప్పై రూపాయలు చేరాయి. ప్రొద్దుటూరు పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసే భర్త గంగాధరానికి చూపు మందగించింది. రెండుసార్లు తూకం తప్పు రాశాడు. మూడోసారి తప్పితే ఇంటికి పంపుతామన్నారు. సోమవారం కడపకు పోయి కళ్లద్దాలు చేయించాలి.

అంతలో శుక్రవారం, మిల్లు హెడ్ గుమాస్తా భార్య విజయలక్ష్మి పేరంటానికి పిలిచింది. పండగ లేదు, నోము లేదు. ఇదేం పేరంటమో అనుకుంటూనే పోయింది. పోకుంటే ఆ మాట మిల్లుదాకా పోతుంది.

హాల్లో జంపఖానా నిండా స్టీలు సామాన్లు తళతళలాడుతున్నాయి. విజయలక్ష్మి తమ్ముడు మద్రాసు నుంచి తెచ్చాడట. వసారాలో పేర్లు చెక్కే మౌలాలి ఉలి, సుత్తి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పేరు పడిందంటే ఆ గిన్నె ఇంక వెనక్కి పోదు.

“పది అమ్ముడుపోతే ఆయమ్మకు ఒక బిందె ఊరికే అంట,” అని పక్కనున్న గురవమ్మ చెవిలో ఊదింది.

“మరి నువ్వెందుకు కొన్యావు?”

“మా ఆయన మిల్లులోనే పనిచేస్తాండాడు కదమ్మా, కొనకుంటే ఎట్ల?”

విజయలక్ష్మి నవ్వుతూ వచ్చి తాంబూలంతో పాటు ఒక పెద్ద డబరా గిన్నె వెంకటసుబ్బమ్మ ఒళ్లో పెట్టింది. ఒళ్లో పడిన తాంబూలాన్ని కాదనడం ఎట్లా?

“ఇరవై ఎనిమిదే. అందరూ తీసుకున్యారు, నువ్వొక్కదానివే మిగిల్నావు సుబ్బమ్మా.”

“దుడ్లు తేలేదక్కా.”

“నీ రొండిలో సంచి మాకు తెలీదా ఏంది!”

అందరూ గొల్లుమన్నారు. మౌలాలి కూడా తలెత్తి ఆ సంచి వైపే చూశాడు. వీడూ వీళ్లతో కలిసినోడే, అనుకుంది ఆమె.

విజయలక్ష్మి డబరా తీసుకుపోయి మౌలాలి ముందు పెట్టింది. “గంగాధరం అని కొట్టప్పా.”

మౌలాలి ఉలి ఆనించాడు. మళ్లీ ఒకసారి ఆమె వైపు చూశాడు. వెంకటసుబ్బమ్మ రెండు చేతులతో సంచిని అదిమి పట్టుకుని ఉంది. ఉలి కింద పెట్టేశాడు.

“పక్కింటోళ్లు చెప్పిన పేరు నేను కొట్టనమ్మా. ఒకసారి కొట్టి తన్నులు తిన్యా. ఆయమ్మే చెప్పాల.”

“మొగుని పేరు నోటితో చెప్పమంటాండావా!” అని ఆడవాళ్లు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“అట్లయితే ఆయప్పను మిల్లునుంచి రానీండి.”

“అంతసేపు యాడుండేది? నాలుగ్గంటల బస్సుకు నేను జమ్మలమడుగు పోవాల,” అని విజయలక్ష్మి తమ్ముడు విసుక్కుంటూ డబరాను పెట్టెలో వేసుకున్నాడు.

చేసిన సాయానికి బదులుగా మౌలాలి ఏదో అడగడానికి వస్తాడని వెంకటసుబ్బమ్మ వారం రోజులు కాచుకుంది. రాలేదు. సోమవారం కళ్లద్దాలు వచ్చాయి. విజయలక్ష్మి ఇంటినుంచి మళ్లీ పిలుపు రాలేదు. మాట మిల్లుదాకా పోయింది కూడా. కానీ తూకం సరిగ్గా రాసేవాణ్ణి ఏమంటారు?

రెండేళ్లకు ఆమె బజార్లో తనకు తానే ఒక స్టీలు గ్లాసు కొని, వాయించి చూసుకుని, మౌలాలి దగ్గరికి తీసుకుపోయింది.

“పేరు నీ నోటితోనే చెప్పాలక్కా,” అని నవ్వాడు.

“నాదే కొట్టు. వెంకటసుబ్బమ్మ.”

ఆరక్షరాలూ కుదురుగా చెక్కాడు. దుడ్లు వద్దన్నాడు.

“ఊరికే ఎందుకు?”

“ఏముందిలేక్కా, అట్లనే.”

ఆమెకు నమ్మకం కలగలేదు. అతని పక్కనే ఉన్న కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి, ఉలి ఎక్కడైనా చిల్లి పెట్టిందేమోనని ఎండకు ఎత్తి చూసింది. ఒక్క చుక్క కారలేదు.

“పొద్దుటి నుంచి ఎండలో ఉండావు. తాగప్పా,” అని ఆ గ్లాసు అతని చేతికిచ్చింది.