ఎరుపెక్కని ముఖం

హఫీజ్‌పేట గుట్ట కింద కంకర కొట్టే ఆడవాళ్లలో భూలక్ష్మి చెయ్యి వేగం. ఒళ్లో పిల్ల పాలు తాగుతున్నా ఆమె సుత్తి ఆగేది కాదు. అలాంటి మనిషి, కరువొచ్చిన ఆ ఏడు ఎండాకాలంలో, ఎత్తిన సుత్తిని ఎక్కడ దించాలో తోచక అలాగే పట్టుకుని కూర్చుంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో మాత్రం తెలియలేదు.

అంతకు ముందే మెడ చుట్టూ చర్మం నల్లబడి, పట్టెడ పెట్టుకున్నట్టు గీత కట్టింది. ముంజేతులు పగిలి పొలుసులు లేచాయి. నాలుక పుండయింది. కడుపు నిలిచేది కాదు. ఎండదెబ్బ అన్నారందరూ. ఇంట్లో జొన్న గట్క, జొన్న రొట్టె తప్ప వేరే తిండి లేదు. ఎప్పుడైనా కాస్త పప్పు ఉడికితే అది భర్త వీరేశానికి పోయేది, మజ్జిగ చుక్క దొరికితే పిల్ల యాదమ్మకు పోయేది. అత్త పోచమ్మ ఇరుగుపొరుగుల్లో ఏదో ఒకటి అడిగి తినేది. భూలక్ష్మికి అడగడం రాదు.

పట్నం నుంచి జీపులో వచ్చిన ఒక డాక్టరమ్మ ఊరి దవాఖానలో ఆమె మెడను వేళ్లతో తడిమి చూసింది. "జొన్న ఒక్కటే తింటే ఈ జబ్బు వస్తుందమ్మా. ఒంట్లో ఒక విటమిన్ లేకుండా పోతుంది. ఈ గోలీలు మానకుండా మింగు. మింగాక ముఖం ఎర్రబడి మంటగా ఉంటుంది, భయపడకు" అని చెప్పి, గోలీల డబ్బా కాంపౌండర్ రామబ్రహ్మం చేతిలో పెట్టి వెళ్లిపోయింది. జీపు మళ్లీ రాలేదు.

రామబ్రహ్మం బందరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. రోజూ పొద్దున్నే ఆమెను దవాఖాన అరుగు మీద కూర్చోబెట్టి, తన కళ్ల ముందే గోలీ మింగించేవాడు. కాసేపటికి చెవులు, చెంపలు, మెడ, రొమ్ము దాకా ఎర్రగా కందిపోయేవి. చీమలు పాకినట్టు ఒళ్లంతా చురచుర.

"చూశావా అమ్మాయ్! మందు రోగం మీద ఎలా విరుచుకుపడుతోందో! ఈ ఎరుపు ఎంత తగ్గితే రోగం అంత తగ్గినట్టన్నమాట" అనేవాడు.

"మిరప్పండోలె అయినవ్ గదనే బిడ్డా! నీ మొకం మీద రొట్టె కాల్చొచ్చు" అని దగ్గు మందు కోసం వచ్చే ముసలి పెంటయ్య ఎగతాళి చేసేవాడు.

భూలక్ష్మి కొంగు కప్పుకునేది. సిగ్గుగా ఉన్నా, ఆ మంట ఆమెకు ఆశగా ఉండేది. అలా మింగగా మింగగా ఎరుపు పల్చబడుతూ వచ్చింది. ఒక పొద్దున అసలే రాలేదు. మర్నాడు రామబ్రహ్మం గోలీ ఆమె అరచేతిలో పెట్టి, నిన్న ముఖం ఎరుపెక్కని సంగతి గుర్తొచ్చి, సంబరంగా అన్నాడు.

"ఇహ అక్కర్లేదమ్మా. నీ ఒంట్లో లోటు తీరిపోయింది. ఎరుపు రాకపోవడమే సాక్ష్యం."

"మెడ మీద నలుపు పోలే సారూ..."

"అది మచ్చ. మెల్లగా పోతుందిలే."

చదువుకున్నవాడి మాట. ఆమె లేచింది. అరచేతిలోని గోలీని తిరిగి ఇవ్వడం మరిచిపోయి కొంగున ముడేసుకుంది.

వర్షాలు రాలేదు. మెడ మీది పొలుసులు మళ్లీ పగిలాయి. ఈసారి తల కూడా పట్టుతప్పింది. పెనం మీద రొట్టె వేసి, అది మాడి పొగ కమ్మేదాకా చూస్తూ నిలబడేది. కారణం లేకుండా ఏడ్చేది. పిల్లను చంకనెత్తుకుంటే ఆ పిల్ల ఎవరిదో ఒక్క క్షణం గుర్తుకొచ్చేది కాదు. గుర్తు రాగానే భయంతో గట్టిగా వాటేసుకునేది, పిల్ల కెవ్వుమనేది.

ఒక మధ్యాహ్నం యాదమ్మ పాకుతూ పాకుతూ క్వారీ గుంత అంచుకు పోయింది. భూలక్ష్మి పక్కనే ఉంది. చూస్తూనే ఉంది. కాళ్లు కదలలేదు. ఎవరో ఉరికొచ్చి పిల్లను లాగారు.

ఆ రోజు నుంచి పోచమ్మ పిల్లను కోడలి దగ్గరికి రానివ్వలేదు.

"నువ్వు తల్లివేనా? కండ్ల ముంగట పిల్ల సస్తుంటే సూసుకుంట కూసున్నవ్!" అని బజారంతా వినేలా అరిచింది. కొడుకును వెంటబెట్టుకుని కాంపౌండర్ దగ్గరికి పోయింది.

రామబ్రహ్మం కూడా బాధపడ్డాడు. "ఒంటి జబ్బు నయమైందండీ. గోలీ మింగినా ముఖం ఎరుపెక్కలేదంటే లోపల ఏ లోటూ లేనట్టే. ఇది తల జబ్బు. నా చేతిలో లేదు."

"ఇన్నవా కొడకా? ఎర్రగడ్డ పిచ్చి దవాఖానల ఇడిచిపెట్టి రా. పిల్లను నేను సాదుకుంట. బాగైతే వస్తది, లేకుంటే లేదు" అంది పోచమ్మ.

వీరేశం తల్లి వెంట ఇంటికి వచ్చేశాడు. మర్నాడు పనికి పోలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భూలక్ష్మికి అర్థమైంది.

పొద్దుటి పూట ఆమెకు తల కాస్త తేటగా ఉండేది. ఆ పొద్దున గడప దగ్గర కూర్చుంటే, అవతల పోచమ్మ ఒళ్లో పిల్ల గట్క తింటోంది. తనను చూసి చెయ్యి చాపింది. పోచమ్మ పిల్లను అటు తిప్పుకుంది. మళ్లీ ఆ చెయ్యి పట్టుకుంటానా లేదా అనుకుంటూ కొంగు నలుపుతుంటే వేళ్లకు ముడి తగిలింది. విప్పింది. గోలీ అంచు అరిగిపోయి ఉంది. ఎరుపంటే రోగమన్నాడు గదా, రోగం లేనోడు మింగితే ఏమైతది?

"పోయేముందు ఇది మింగు" అంది భర్తతో.

"నాకెందుకే? నాకేమైంది?"

"నాకిచ్చిన మందే. ఇసం కాదు. ఒక్కపారి నా మాటిను. ఇగ మల్ల ఏం అడుగ."

అడగడం రాని మనిషి అడిగింది. వీరేశం ఆమె ముఖం చూడలేక గోలీ నోట్లో వేసుకుని, చెంబెడు నీళ్లు తాగి, వాకిట్లో బీడీ ముట్టించాడు.

బీడీ అయిపోలేదు. చెవులు ముందు కందాయి. తర్వాత చెంపలు, మెడ. చొక్కా గుండీలు లాక్కుంటూ లేచి గంతులేశాడు. "ఏందే ఇది! మండుతున్నది! పెయ్యంత మండుతున్నది!"

పోచమ్మ పిల్లను దించి గుండెలు బాదుకుంది. "అయ్యో నా కొడుక్కు అమ్మవారు పోసిందో! ఎవ్వలన్న ఏపాకులు తేండ్రే! వీరేశా, ఎండకు పోకు నాయినా!"

వీరేశం ఆగలేదు. తిన్నగా కాంపౌండర్ గదికి ఉరికాడు. వెనకే భూలక్ష్మి. రామబ్రహ్మం పళ్లపుల్లతో వాకిట్లో ఉన్నాడు.

"సార్, నా మొకం సూడు. నాకేం రోగం?"

"నీకేం రోగమయ్యా, దుక్కలా ఉన్నావు. ఏం మింగావు?"

"మీ గోలీ."

"ఓస్, అంతేనా! అది గోలీ గుణం. ఎవరు మింగినా..." రామబ్రహ్మం మాట అక్కడే ఆగిపోయింది.

"ఎవలు మింగినా వస్తదా?" వీరేశం గొంతు పెద్దదయింది. "మరి ఈమెకు వస్తే రోగమంటివి. రాకుంటే రోగం పోయిందంటివి. ఇప్పుడు పిచ్చంటున్నవ్. నాకు గూడ పిచ్చేనా సార్?"

రామబ్రహ్మం పళ్లపుల్ల పారేశాడు. అప్పుడు, ఇన్నాళ్లలో మొదటిసారి, ముఖం వదిలేసి ఆమె మెడను చూశాడు. చేతులు చూశాడు. పొలుసులను వేళ్లతో తడిమాడు.

"అలవాటుపడితే ఎరుపు తగ్గుతుందేమో... నాకు తోచలేదయ్యా" అని గొణిగాడు. "అఫ్జల్‌గంజ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. మెడ చూపించు. జొన్నలు తింటున్నామని చెప్పు. గోలీలు నా దగ్గర అయిపోయాయి, ఎవరెవరికో ఇచ్చేశాను."

ఇంటికొచ్చేసరికి వీరేశం ముఖం మామూలైంది. పోచమ్మ వేపాకులతో ఎదురొచ్చింది. "జూసినవా, దాని గాలి నీకు గూడ తగిలింది! ఎర్రగడ్డకు తోలకపోతే పిల్లను తీస్కొని నా బిడ్డ అత్తగారింటికి పోత."

"సరే అవ్వా. ఎర్రగడ్డకే" అన్నాడు వీరేశం తల వంచుకుని.

వెనకే ఉన్న భూలక్ష్మి ఆ మాట విన్నది. అంత చూశాక కూడానా!

బొంబాయి రోడ్డు మీద బస్సు ఎక్కారు. కండక్టరుకు వీరేశం ఏం చెప్పాడో రొదలో వినపడలేదు. టికెట్లు అతని పిడికిట్లో ఉన్నాయి. అవి ఎక్కడిదాకానో చదివే చదువు ఆమెకు లేదు. అడగడానికి నోరు రాలేదు. కూకట్‌పల్లి పోయింది. మూసాపేట పోయింది. అతను కిటికీ బయటికే చూస్తున్నాడు.

"ఎర్రగడ్డ! ఎర్రగడ్డ దిగాలె!" కండక్టర్ బస్సు పక్క రేకు మీద చరిచాడు.

ఎవరెవరో లేచారు. భూలక్ష్మి భర్త ముఖం చూడలేదు, అతని పాదాల వైపే చూసింది. పగిలిన మడమలు, ఎడమ చెప్పు తెగి సుతిలి తాడు కట్టుంది. ఆ పాదం కదిలింది. ఆమె లేవబోయింది. అతను కాలు వెనక్కి, సీటు కిందికి లాక్కున్నాడు, దిగేవాళ్లకు దారి ఇవ్వడానికి.

బస్సు అఫ్జల్‌గంజ్ వైపు కదిలింది.

"అవ్వకు సెప్పకు" అన్నాడు వీరేశం, ఇంకా బయటికే చూస్తూ.