పద్నాలుగు తప్పుల సినిమా

ఆ సినిమాలో నేను పద్నాలుగు తప్పులు పట్టాను. ఒక్కసారి చూసి, కాగితం పెన్సిలు లేకుండా. రెండోసారి చూస్తే ఇంకొన్ని దొరికేవేమో గానీ, అలాంటి సినిమాను రెండోసారి చూసేంత తీరిక సమ్మె రోజుల్లో కూడా నాకు లేదు.

అది రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బడులు మూతపడ్డాయి. కరెంటు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. నేను అప్పట్లో జనగామ చుట్టుపక్కల తవ్వే బావులు కొలిచేవాణ్ని. కూలీలు ఎంత మట్టి తీశారో టేపు పెట్టి చూసి, పొడవు, వెడల్పు, లోతు లెక్కకట్టి చెప్పడం నా పని. నా చదువు ఏడో తరగతితో ఆగింది. గుండ్రటి బావికి లెక్క ఎట్లా కట్టాలో నాకెవరూ నేర్పలేదు. ఇంట్లో బియ్యం డబ్బాలో నీళ్ళు పోసి, తీసి, మళ్ళీ పోసి నేనే పట్టుకున్నాను. సమ్మెలో తవ్వకాలు కూడా ఆగిపోతే నెల్లికుదురు దగ్గర మా ఊరికి వచ్చి కూర్చున్నాను.

మా బావ, అంటే మా అక్క పెనిమిటి, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. బాయి బందు కాగానే అక్కను తీసుకుని ఆయనా మా ఇంటికే వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ల్యాప్‌టాప్, ఎవరినో బతిమాలి తెచ్చిన ప్రొజెక్టరు, సంచెడు సినిమాలు మోసుకొచ్చాడు. భూమి కింద వెలుతురు లేని చోట పని చేసే మనిషి కదా, పైకొస్తే తెర మీద వెలుతురు చూస్తూ కూర్చోవడం ఆయనకు ఇష్టం. నాకు ఆ ఇష్టం ఎన్నడూ లేదు.

ఊరి నడుమ రిలే దీక్షల టెంటు ఉండేది. ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు తండా ఆడవాళ్ళు. పొద్దున కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవారు. టెంటు ముందు ఒక నల్లబోర్డు. దాని మీద ‘దీక్ష ఇన్నో రోజు’ అని దర్జీ ఒకతను సుద్దముక్కతో రాసేవాడు. పేపరు రోజూ రాదు, బడిగంట లేదు, ఆఫీసు లేదు. దాంతో ఊరంతా ఆ బోర్డు మీదనే బతికింది. ఫలానావాళ్ళ బర్రె పదకొండో రోజు ఈనింది. ఫలానా పెళ్ళిచూపులు పదిహేనో రోజుకు పెట్టుకున్నారు. తారీకు అడిగితే తడుముకునేవాళ్ళు కూడా దీక్ష ఎన్నో రోజో ఠక్కున చెప్పేవారు.

పదిహేడో రోజు మధ్యాహ్నం, దీక్షలో కూర్చున్నవాళ్ళకు పొద్దు పోవడం లేదని, టెంటు వెనకాల లైబ్రరీ గదిలో కిటికీలకు గోనెసంచులు కట్టి బావ ఆ సినిమా వేశాడు. లోకం అంతమైపోయింది. ఒక మనిషి, అతని కుక్క, ఒక మరమనిషి మాత్రం మిగిలారు. ముగ్గురూ ఎండలో నడుచుకుంటూ పోతారు. అంతే కథ. లోకం అంతమైందని చూపించడానికి వాళ్ళు చూపించినవి ఏమిటంటే, మూసిన దుకాణాలు, కదలని బస్సులు, కరెంటు లేని వీధులు. మా ఊళ్ళో దాన్ని సమ్మె అంటారు.

తప్పులు చెప్పాలంటే మొదటిది గడ్డం. ఆ మనిషి నలభై రోజులు నడిచాడట. మొదటి రోజు రెండు వేళ్ళ గడ్డం, నలభయ్యో రోజూ రెండు వేళ్ళ గడ్డమే. రెండోది నీళ్ళు. చేతిలో ఒక్క డబ్బా. ఆ ఎండకు మనిషీ కుక్కా తాగితే మూడో పొద్దుకు అడుగంటాలి. కుక్క పక్కటెముకలు నలభై రోజుల్లో ఒక్కసారైనా కనబడలేదు. లోకం అంతమైంది గానీ కుక్కకు ఎవరో రోజూ తానం చేయిస్తున్నారు. ఇక మరమనిషి. ఒంటినిండా ఇనుము. అది కర్రల వంతెన మీద నడిస్తే ఒక్క కర్ర కూడా వంగలేదు.

మరమనిషికి పెట్టిన మాట ఇంకో సంగతి. సినిమాకు తెలుగు మాటలు అతికించినవాళ్ళు ఆ మనిషితో కోస్తా పెద్దమనిషిలా మాట్లాడించారు. బుర్రలేని మరమనిషికి మాత్రం మా మాట పెట్టారు. అదైనా సక్కగా పెట్టారా అంటే అదీ లేదు. ప్రతి మాట చివర ‘గిట్ల’, ‘గట్ల’ అని ఊడిపోయిన బొత్తాముల్లా కుట్టారు. ఖమ్మం దాటి ఇటు ఎన్నడూ రాని మనిషి చేసిన పని.

“సూడండ్రి! ఇనుప డబ్బకు మన మాట వెట్టిండ్రు,” అని దర్జీ గుర్రుమన్నాడు.

ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ మాత్రం, “వెడ్తే వెట్టిండ్రు తియ్యి బిడ్డా. గా మనిషి కన్న గీ ఇనుపోడే నయం. కుక్కకు సుత పెట్టినంకనే కూసుంటున్నడు,” అంది. గదంతా నవ్వింది.

పద్నాలుగో తప్పు అన్నిటికంటే పెద్దది. రోజులు లెక్కపెట్టే పని ఆ మరమనిషిది. దానికి వీపు మీద ఎండ తగిలితేనే ప్రాణం. మబ్బు పట్టిన రోజుల్లో పడుకుంటుంది. లేచాక, పడుకున్న రోజుల్ని వదిలేసి, ఆపిన దగ్గర్నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఆ మనిషి దాన్ని నమ్మి నడిచి, నది దగ్గరికి పోయేసరికి, మనిషి లేకుండానే నడిచి దాటించే పడవ వెళ్ళిపోయి రెండు రోజులైంది. అప్పుడు కూడా అతను మరమనిషి తల నిమిరి క్షమించాడు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. నేను పైకే నవ్వాను.

“ఇంత పెద్ద యంత్రం జేసినోళ్ళకు దినాలు లెక్కవెట్ట రాదా బావా? చేతి ఏళ్ళ మీద లెక్కవెట్టే ముసలవ్వ నయం.”

“నీకు సినిమా జూసే మొకం లేదు బామ్మర్ది,” అన్నాడు బావ.

మర్నాడు, అంటే పద్దెనిమిదో రోజు, బావ చేసిన పని నేను చెబితే ఎవరూ నమ్మరు. ఆ సినిమాలో మనిషి గుప్పిట్లో రొట్టెముక్క పెట్టుకుని, కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “ఆగు” అంటాడు. కుక్క ఆగుతుంది. అప్పుడు గుప్పిట విప్పుతాడు. కుక్క పెదవులతో మెల్లగా అందుకుంటుంది. టెంటు దగ్గర ఒక ఎర్ర కుక్క తిరిగేది. ఊళ్ళో ఎన్ని చోట్లున్నాయి! హోటలుంది, కోడిమాంసం కొట్టుంది. అది మాత్రం తిండి మానేసినవాళ్ళు కూర్చునే చోటును చూసి ఎంచుకుంది. పద్దెనిమిది రోజులుగా దానికి అక్కడ ఒక్క మెతుకు రాల్లేదు. బావ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుప్పిట్లో రస్కు పట్టుకున్నాడు.

“బావా, అది సినిమా కుక్క గాదు,” అన్నాను.

“నువ్వు బాయిలు కొల్సుకో పో. ప్రేమకు టేపుండది,” అని, కుక్కతో “ఆగు” అన్నాడు.

కుక్క ఆగలేదు. రస్కూ దొరికింది, చెయ్యీ దొరికింది. నాలుగు పళ్ళు దిగాయి. రెండు లోతుగా.

టెంటులోవాళ్ళు లేచి రాళ్ళతో కుక్కను తరిమారు. ఆ కుక్కను మళ్ళీ ఎవరూ చూడలేదు. కరిచిన కుక్క పది రోజులు బతికుంటే భయం లేదంటారు. ఆ చూసుకునే వీలు కూడా వాళ్ళ రాళ్ళతోనే పోయింది.

అక్క ఇంట్లోంచి సబ్బు పట్టుకుని ఉరికి వచ్చింది. బావ చెయ్యి పట్టుకుని బోరింగు కింద పెట్టి, చాలు చాలు అని ఆయన మొత్తుకునేదాకా కడిగింది. ఆమె ముఖం చూసి నేనే బోరింగు కొట్టాను. మా చిన్నాయన కుక్క కరిచే పోయాడు. అప్పుడు అక్కకు తొమ్మిదేళ్ళు, నాకు ఆరు. మంచానికి కట్టేసిన చిన్నాయనకు నీళ్ళ చెంబు తీసుకుపోయింది అక్కే. ఆ చెంబు చూసి ఆయన ఎట్లా అరిచాడో ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేను మాత్రం ఆ అరుపు బయటి నుంచి విన్నాను.

“నువ్వు లెక్కలోనివి గద తమ్ముడా, సూదుల దినాలు తప్పనియ్యకు,” అంది.

మర్నాడు పొద్దున్నే బావను నా బండి మీద ఎక్కించుకుని మానుకోట దవాఖానకు పోయాను. మహబూబాబాద్‌ను మేమంతా అట్లాగే అంటాం. నర్సమ్మ సూది వేసి, “ఇయ్యాల్టికి ఒకటి. ఇయ్యాల్టి నుంచి మూడో దినం, ఏడో దినం, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. తారీకులు రాసిస్త ఆగు,” అంది.

“అక్కర లేదమ్మా. నా తలకాయల ఉంటయి.”

ఆమె నా తలకాయ వైపు ఒకసారి చూసి, పెన్ను జేబులో పెట్టుకుంది.

దారిలోనే లెక్క కట్టేశాను. ఆ రోజు దీక్ష పంతొమ్మిదో రోజు. కాబట్టి సూదులు ఇరవై రెండు, ఇరవై ఆరు, ముప్పై మూడు, నలభై ఏడు. ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి, అక్కకు చదివి వినిపించాను. ఇరవై రెండో రోజు పోయి వచ్చాం. నడుమ ఒకరోజు ఊరంతా రైలు పట్టాల మీద కూర్చోవడానికి పోయింది. ఆ మర్నాడు వానకు టెంటు కూలింది. మళ్ళీ లేపారు. అసలు ఏడో రోజున, అది ఏడో రోజని తెలియకుండా, నేనూ బావా చాయ్ హోటల్లో కూర్చుని కర్రల వంతెన గురించి కొట్లాడుకున్నాం. బోర్డు మీద ఇరవై ఆరు కనబడగానే బండి తీశాను.

నర్సమ్మ రిజిస్టరు తిప్పింది. “మొన్న రావాలె గద?”

“ఏడో దినం ఇయ్యాలనే గదమ్మా.”

“ఇయ్యాల తొమ్మిదో దినం.”

“కాదమ్మా. మొదటిది పంతొమ్మిది నాడు. ఇయ్యాల ఇరవై ఆరు. ఇరవై ఆరుల పంతొమ్మిది తీస్తే ఏడు.”

ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది. “ఇయ్యాల ఇరవై ఆరా? ఏ క్యాలెండర్ల?”

“దీక్ష బోర్డు మీద,” అన్నాను.

వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. “అన్నా, రాష్ట్రం ఎన్నడొస్తదో గూడ గా బోర్డు మీదనే జూసి చెప్పరాదె!” అన్నాడొకడు.

డాక్టరు సూది వేయించాడు. భయపడవద్దనీ, మిగిలినవి మాత్రం తప్పవద్దనీ చెప్పాడు.

“భయమంటే వందల ఎంత సారూ?” అని అడిగాను.

“లెక్క నీకు జెప్పి ఏం లాభం?” అన్నాడాయన. నిజమే.

తిరిగి వస్తుంటే బావ వెనక కూర్చుని, మరమనిషి గొంతుతో, “మబ్బు వట్టింది బామ్మర్ది గిట్ల, నేను పండుకున్న గట్ల,” అన్నాడు. నవ్వుతూనే, కుక్క కరిచిన చెయ్యిని నా భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఊరు వచ్చేదాకా నేను గుంతలు చూసుకుంటూ బండి నడిపాను.

నేరుగా దర్జీ దగ్గరికి పోయాను. “రెండు దినాలు ఎందుకు ఎగ్గొట్టినవ్ తమ్మీ?”

“ఎగ్గొట్టలే అన్నా. పట్టాల మీదికి పోయిన్నాడు ఒకటి, టెంటు కూలిన్నాడు ఒకటి. ఎవ్వలు కూసోలే. కూసోని దినాన్ని దీక్షని రాస్తె అబద్ధం గాదా? నువ్వే జెప్పు, కూలోళ్ళు రాని దినం బాయిల మట్టి ఎల్లినట్టు రాస్తవా నువ్వు?”

“రాయ.”

“మరి?”

ఇన్నేళ్ళుగా బావుల దగ్గర ఎందరు కూలీలు ‘వాన పడ్డది సారూ, గా దినం గూడ లెక్కల వెట్టు’ అని బతిమాలారో. తవ్వని రోజు రోజు కాదని అందరికీ ఈ నోటితోనే చెప్పాను. ఆ దర్జీ నా లెక్కే వేశాడు. నేనే దాన్ని తీసుకుపోయి మనిషి ప్రాణానికి అతికించాను. ఎండ తగిలితేనే రోజనుకునే యంత్రాన్ని చూసి నవ్వినవాణ్ని నేను.

ఇంట్లో అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తడిగుడ్డ తెచ్చి గోడ మీది బొగ్గు అంకెలు తుడిచేసింది. ఈసారి నర్సమ్మ తారీకులు రాసిచ్చిన చీటీని పసుపు డబ్బాలో పెట్టుకుంది. అక్కకు చదువు రాదు. సూది రోజు దగ్గరపడుతుంటే చీటీ పట్టుకుని ముందు బడిపంతులును అడిగేది, తర్వాత దర్జీని. ఆ ఇద్దరి మాటా కలిశాక నన్ను అడిగేది. అది కూడా బండిలో పెట్రోలు ఉందా అని.

రోజూ పొద్దున బావ లేవగానే ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చి ఎదురుగా నిలబడేది. ఆయన దాహం లేకున్నా తాగేవాడు. మధ్యలో ఆగితే ఆమె ముఖం మారేది. అందుకని ఆగకుండా తాగడం అలవాటు చేసుకున్నాడు. నేను గుక్కలు లెక్కపెట్టేవాణ్ని. పైకి కాదు.

ఆఖరి సూది తారీకు తప్పకుండా పడింది. ఆ సాయంత్రం అక్క నీళ్ళ చెంబు పట్టుకుని నన్ను వాకిట్లో ఆపి, “ఇంక ఎన్ని దినాలు జూడాలె తమ్ముడా?” అని అడిగింది.

నాకు తెలిసిన అంకెలన్నీ నోటి దాకా వచ్చాయి. “నాకు తెల్వదక్కా. నర్సమ్మను అడుగుదాం పా,” అన్నాను.

అప్పుడే బావ బయటికి వచ్చి, “ఎవ్వల్ని అడుగుడు ఎందుకే,” అంటూ ఆమె చేతిలోని చెంబు అందుకున్నాడు. ఎత్తి, నోటి నుంచి తియ్యకుండా తాగి, ఖాళీ చెంబు బోర్లించి చూపించాడు. ఒక్క చుక్క కింద పడింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు అంతు పట్టలేదు.

ఆయన ఇప్పటికీ బొగ్గుబాయిలోనే ఉన్నాడు. రాష్ట్రం వచ్చింది. పండక్కో పబ్బానికో ఇంటికొస్తే, అది గొప్ప సినిమా అని ఇంకా వాదిస్తాడు. నేను ఒప్పుకోను. పద్నాలుగు తప్పుల్లో ఆఖరిదాన్ని మాత్రం కొట్టేశాను. మిగిలిన పదమూడూ అట్లాగే ఉన్నాయి. ఆ గడ్డం సంగతి ఎవరు అడిగినా చెబుతాను.