వెళ్ళిరండి అన్నందుకు

కరోనా తగ్గి డ్రైవింగ్ టెస్టులు మళ్ళీ మొదలైన ఏడాది, మాఘమాసంలో నన్ను అద్దంకి వైపు ఒక చిన్న రవాణా ఆఫీసుకి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. బదిలీ నేను అడిగింది కాదు. గుంటూరు దగ్గర్లో ఖాళీ ఉన్నా సర్వీసులో నాకంటే చిన్నవాడికి ఇచ్చారు. ఆ సంగతికి ఈ వ్యాసంతో పని లేదు. నేను మరిచిపోలేదని తెలియడానికి మాత్రమే రాస్తున్నాను.

ఆఫీసు ఊరికి దూరంగా, పత్తి మిల్లుకీ మిరపకాయల కోల్డ్ స్టోరేజీకీ మధ్య ఉండేది. గాలి అటు నుంచి వీస్తే దూది పీచు, ఇటు నుంచి వీస్తే ఘాటు. వెనకాల టెస్టు ట్రాక్. కారు, చిన్న ట్రక్కు వంటి తేలిక బండ్లకి ఇనప గొట్టాలు పాతి, ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో దారి గీసేవాళ్ళం. అభ్యర్థి ఆ దారిలో బండిని ముందుకి తీసుకెళ్ళి, వెనక్కి నడిపి, ఏ గొట్టానికీ తగలకుండా బయటికి రావాలి. ఆ తర్వాత రోడ్డు మీద ఇంకో పరీక్ష. తప్పితే వారం ఆగి మళ్ళీ రావచ్చు. మూడోసారి కూడా తప్పితే రెండు నెలల దాకా రానివ్వం. ఈ మూడోసారి సంగతి ముందు ముందు అవసరం పడుతుంది.

టెస్టుకి వచ్చేవాళ్ళ నమ్మకాలు నాకు కొత్త కాదు. వర్జ్యం చూసుకుని టైము బుక్ చేసుకునేవాళ్ళు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళు, స్టీరింగుకి తావీదు కట్టేవాళ్ళు, సీటు కింద బైబిలు పెట్టుకునేవాళ్ళు, అందరినీ చూశాను. ఒక ఊరి నుంచి నెల రోజులపాటు వచ్చిన కుర్రాళ్ళందరూ ఒకే గళ్ళ చొక్కా వేసుకొచ్చారు. మొదట అది ఏదో పార్టీ గుర్తు అనుకున్నాను. వాళ్ళలో ముందు పాసైన వాడి చొక్కా అని తర్వాత తెలిసింది. దాన్ని ఉతకకుండా చేతులు మారుస్తున్నారని వాసనే చెప్పింది.

ఈ నమ్మకాలు కూడా ఊరిని బట్టి సర్దుకుంటాయని ఆ ఆఫీసులోనే చూశాను. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మన ఇళ్ళలో కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్తాం. మిరప ఘాటులో అలా కూర్చుంటే ఆ ట్రాక్ మీద ఒక్క బండీ కదలదు. ఈ విషయం డ్రైవింగ్ స్కూలు నడిపే బాజీని అడిగాను. ఆఫీసు గేటు దగ్గర ఎప్పుడూ ఉండే మనిషి అతనే.

"ఇక్కడ తుమ్ము లెక్కలోకి రాదు సార్. గేటు దాటి లోపలికొస్తే రద్దే" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. ఆ మాట ఇంకా దేనికి వర్తిస్తుందో అప్పుడే అడగాల్సింది, కానీ నాకేం తెలుసు?

ఇక నాకు జరిగిన అవమానం. అక్కడ నాతో పాటు కోటేశ్వరరావు అనే అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. హోదాలో నాకంటే ఒక మెట్టు కింద. ట్రాక్ దగ్గర పొద్దున నేను, మధ్యాహ్నం అతను. అతనికి మర్యాద తెలియదు. బండెక్కిన ప్రతివాడినీ "పో, పోవయ్యా, పో, చూస్తావేంది" అని తోలేవాడు. నేను అలా కాదు. మాది పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. గడప దాటే మనిషిని వట్టిగా వెళ్ళమనకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాణ్ణి. బండి దగ్గరికి వెళ్ళి, కిటికీ దగ్గర వంగి, అద్దాలు, బెల్టు చూసుకోమని చెప్పి, "సరే, వెళ్ళిరండి" అనేవాణ్ణి. వయసు ఎంతైనా, కులం ఏదైనా అందరికీ అదే మాట.

అయినా జనం అతని కోసమే ఎదురుచూసేవారు. పొద్దున పూట పేరు పిలిస్తే ఒకడికి కడుపునొప్పి, ఒకడి బండికి పంక్చరు, ఒకామెకి ఆధార్ కార్డు ఇంటి దగ్గర మరిచిపోయిన గుర్తు. నేను టీ తాగడానికి వెళ్ళగానే ఇద్దరు ముగ్గురు గబగబా బండ్లెక్కి, నేను తిరిగొచ్చేసరికి ఇంజను ఆన్ చేసుకుని తల కిందికి దించుకుని కూర్చునేవారు. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చిన ఒక లారీ క్లీనరు, నేను కిటికీ దగ్గరికి రాగానే రెండు చెవులూ మూసుకున్నాడు. ఎందుకయ్యా అంటే "చెవిపోటు సార్" అన్నాడు. రెండు చెవులకీ ఒకేసారి చెవిపోటా అని అడిగితే తలూపాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. అటెండరుని అడిగితే ఏం లేదండీ అంటాడు. మొదట నిమ్మకాయల వల్ల కోపం అనుకున్నాను. రసానికి గీతలు చెరిగిపోతున్నాయని ట్రాక్ లోపల నిమ్మకాయలు వద్దని బోర్డు పెట్టించింది నేనే. బోర్డు తీయించాను. ఏమీ మారలేదు. తర్వాత, రాయడానికి నాకు ఇష్టం లేకపోయినా, ఇంకో అనుమానం వచ్చింది. ఒంటి బ్రాహ్మడు ఎదురొస్తే పని చెడుతుందని ఈ ప్రాంతంలో ఒక మాట ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసిన ఉద్యోగిని పట్టుకుని ఇదా? అయినా అటెండరుని వెంటబెట్టుకుని ట్రాక్ మీదికి రావడం మొదలుపెట్టాను. అతనికి పని లేక నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడేవాడు. జనం ఇద్దరినీ చూసి మరింత కంగారుపడ్డారు.

పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అభ్యర్థులు ఒక అధికారి పట్ల అకారణంగా విముఖత చూపుతున్నారు, విచారణ జరిపించవలసింది అని. ఆయన ఫోన్ చేసి, విముఖత మీద విచారణకి రూలు ఎక్కడుందండీ అని నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

అలా నాలుగేళ్ళు గడిచాయి. మిరపకోతలు ముమ్మరంగా ఉన్న ఒక రోజు, గ్రానైటు లారీల ఓవర్‌లోడు తనిఖీకి కోటేశ్వరరావుని చీమకుర్తి రోడ్డు మీదికి పంపారు. మధ్యాహ్నం కూడా ట్రాక్ నాకే పడింది. అతని కోసం కాచుకున్నవాళ్ళంతా ఇరుక్కుపోయారు. వాళ్ళలో సలోమి అనే ఆమె ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. అంతకుముందు కోల్డ్ స్టోరేజీలో కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ సంఘం, కాయల బస్తాలు మార్కెట్ యార్డుకి తోలడానికి ఒక చిన్న ట్రక్కు కొనుక్కుంది. లైసెన్సు వస్తే డ్రైవరు పని ఆమెదే. రాకపోతే మర్నాటి నుంచి వేరే ఊరి మగమనిషిని పెట్టుకుంటామని సంఘం చెప్పేసింది. కోతలు ఆగవు గదా. ఆమె అప్పటికి రెండుసార్లు నా దగ్గరే తప్పింది. రెండుసార్లూ వెనక్కి తిప్పేటప్పుడు గొట్టానికి తగిలించింది. ఇది మూడోసారి. తప్పితే రెండు నెలలు. అప్పటికి చేలలో కాయ ఉండదు.

బండెక్కి బెల్టు పెట్టుకుంది. నేను కిటికీ దగ్గర వంగాను. నోరు తెరిచేలోపల చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి సార్. మీరేం అనబాకండి."

"ఏం అనకూడదమ్మా?"

"ఏదీ వద్దు. అనే తీరాలంటే పో అనండి."

నేను సరిగా విన్నానో లేదో తెలియక మళ్ళీ అడిగాను.

"పో అనండి సార్. కోటేశ్వరరావుగారు అంటారు గదా, అట్టా."

"ఆడవాళ్ళని పో అనే అలవాటు మా ఇంట్లో లేదు" అన్నాను, కొంచెం గట్టిగానే.

"అందుకే గదా సార్ మూడోసారి వచ్చా."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాజీని కేకేశాను. అతను రావడానికి ఇష్టపడలేదు. వచ్చి నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇదంతా? నేనేం చేశాను వీళ్ళని?"

"మీరేం చేయలేదు సార్. మీరు వెళ్ళిరండి అంటారు."

"అంటాను. తప్పేముంది? మీ ఇంట్లో బయటికి వెళ్ళేవాళ్ళని పొమ్మంటారా?"

"ఇంటికాడ మంచి మాటే సార్. మా అమ్మ అదే అంటది. కానీ ఇక్కడికి మళ్ళీ రావాలని ఎవరికుంటది? మీరు రమ్మంటన్నారు. వాళ్ళు వస్తన్నారు."

అది నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. గడప దాటే మనిషి క్షేమంగా తిరిగి రావాలని అనే మాట, ఈ గేటు లోపల టెస్టు తప్పి తిరిగి రమ్మని శాపం అయిపోయింది. తుమ్ము రద్దయినట్టే ఇదీ తలకిందులైంది.

"ఎప్పటినుంచి ఇది?"

"మీరొచ్చిన కాడినించీ."

"నాలుగేళ్ళా? నాతో ఒక్కడన్నా చెప్పలేదే?"

"మీరు నొచ్చుకుంటారని సార్."

నొచ్చుకుంటానని నన్ను నాలుగేళ్ళు నొప్పించారు. ఈ న్యాయం ఇప్పటికీ నాకు బోధపడలేదు.

సలోమి ఇంజను ఆపేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. రూలు ప్రకారం టెస్టు మొదలుపెట్టడానికి నిరాకరించిన అభ్యర్థిని తప్పినట్టే రాయవచ్చు. ఆ మాటే చెప్పాను.

"రాస్తే రాయండి సార్. మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. నిమ్మకాయలూ రాహుకాలాలూ మాకు లేవు. ఆ ఒక్క మాట మాత్రం వద్దు. అది వింటే కాలు క్లచ్ మీద నిలవట్లా."

కాలు నిలవకపోవడం అన్నది నేను చూసిందే. నా దగ్గర తప్పేవాళ్ళలో చాలామందికి ఎడమకాలు వణికేది. క్లచ్ ఒకేసారి వదిలేస్తారు, బండి ఎగిరి గొట్టానికి తగులుతుంది. అది నేర్పేవాళ్ళ లోపమని అప్పటిదాకా అనుకున్నాను. ఇప్పటికీ కొంత అదే అనుకుంటున్నాను.

అయితే పో అనడం నా వల్ల కాదు. ఒక ఆడమనిషి అడిగిందని ఒక అధికారి మాట తప్పుగా మాట్లాడితే రేపు ఇంకొకరు ఇంకోటి అడుగుతారు. వెళ్ళిరండి అంటే ఆమె వినదు. ఏమీ అనకుండా ఉంటే సూచన ఇవ్వకుండా టెస్టు పెట్టినట్టు. అభ్యర్థికి స్పష్టమైన సూచన ఇవ్వాలన్నదే మా పద్ధతి, ఏ మాటలతో అన్నది ఎక్కడా రాసి లేదు. ఎండలో అలా నిలబడి ఆలోచిస్తుంటే గొడుగు పట్టుకున్న అటెండరు కూడా తుమ్మాడు.

"బండి తీయండి" అన్నాను చివరికి.

సలోమి నా వైపు చూడలేదు. బాజీ వైపు చూసింది. ఒక ఇన్‌స్పెక్టరు ఇచ్చిన సూచన మంచిదో కాదో డ్రైవింగ్ స్కూలు మనిషి తేల్చాలన్నమాట. అతను పెదవులు కదిలిస్తూ ఆ రెండు ముక్కలూ ఒకసారి లోపల అనుకుని చూసుకున్నాడు.

"తీయండి అంటే అందులో రమ్మనడం ఏం లేదులే అక్కా. పద" అన్నాడు.

ఆమె బండి తీసింది. ముందుకి వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది. వెనక్కి తిప్పే చోట, రెండుసార్లు తగిలిన అదే గొట్టం దగ్గర ఆగింది. అద్దంలో నా ముఖం చూడకుండా గొట్టాన్ని చూసింది. క్లచ్ నెమ్మదిగా వదిలింది. గొట్టానికీ బండికీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది. బయటికి వచ్చేసింది. రోడ్డు పరీక్షలో నేనూ పక్క సీట్లో కూర్చున్నాను. రోడ్డంతా కమ్ముకుని పత్తి ట్రాక్టరు ఎదురొస్తే మార్జిన్‌లోకి దిగి దారిచ్చి, వెనక చూసుకుని మళ్ళీ ఎక్కింది. హారను అనవసరంగా కొట్టలేదు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పాసైనట్టు చెప్పాను.

ఆమె బండి దిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. దణ్ణం పెట్టి, "వెళ్తాను సార్" అంది.

వెళ్ళొస్తాను అనలేదు. నాకు తెలిసి ఏ ఇంట్లోనూ ఎవరూ వట్టిగా వెళ్తాను అనరు. ఆమె నాకు మర్యాద చేసిందా, నన్ను ఇక చూడక్కర్లేదని చెప్పిందా అన్నది తేల్చుకోలేక తల ఊపాను.

ఆ రోజు నుంచి అందరికీ బండి తీయండి అనే చెప్పాను. పాసయ్యేవాళ్ళు పెరిగారని బాజీ అంటాడు. నేను లెక్క తీయలేదు. నా చూపులో సడలింపు మాత్రం రాలేదు. కడుపునొప్పులు తగ్గిన మాట నిజమే. అటెండరు గొడుగు మడిచి తన కుర్చీకి వెళ్ళిపోయాడు. కోటేశ్వరరావు ఎప్పటిలాగే పో అంటూనే ఉన్నాడు. అతని హస్తవాసి మంచిదన్న పేరు అలాగే మిగిలింది.

కొత్తగా చేరే ఇన్‌స్పెక్టర్లు అడిగితే నేను చెప్పేది ఇది. ట్రాక్ మీద ఇచ్చే సూచన చిన్నదిగా ఉండాలి, ఎప్పుడూ ఒకటే ఉండాలి, అందులో బండికి సంబంధించిన మాట తప్ప ఇంకోటి ఉండకూడదు. మన మాట వాళ్ళకి ఎలా వినిపిస్తుందో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోవాలి. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

నా రిటైర్మెంటు రోజున సాయంత్రం బాజీ, మిగతా డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు గేటు దాకా వచ్చారు. దండ వేశారు. అందరూ ఒకే మాట అన్నారు: "వెళ్ళండి సార్." ఆ గేటు లోపలి లెక్కలో అది దీవెన. బయటి లెక్కలో కాదు. నేను నిలబడింది సరిగ్గా గేటు మధ్యన. ఏ లెక్క తీసుకోవాలో ఇప్పటికీ తెలియదు. వెళ్ళిరండి అని ఒక్కరూ అనకపోయినా, పెన్షను కాగితాల కోసం ఆ ఆఫీసుకి నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.