లైబ్రరీ మేడ మీది గుమ్మడికాయ

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. (నా నోటి సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.)

ఆ రోజుల్లో వైఫై అంటే ఇప్పటిలా టీకొట్టులో దొరికే సరుకు కాదు. కర్నూలు పొలిమేరలోని ఒక విశ్వవిద్యాలయంలో నేను నెట్‌వర్కు చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగిని. వయసు ఇరవై నాలుగు. తెలివి నా లెక్కన అపారం. లైబ్రరీ మేడ మీద ఒక యాంటెన్నా, ఎదురుగా హాస్టల్ మేడ మీద ఇంకొకటి పెట్టి, మధ్యలో తీగె లేకుండా హాస్టల్‌కు ఇంటర్నెట్ పంపాలని నా పథకం. రిజిస్ట్రారుగారు కళ్ళద్దాల మీదుగా చూసి, "రేపు పది గంటలకు నా కళ్ళముందు నడిస్తే నీ కాంట్రాక్టు పొడిగిస్తా. లేదంటే మైదుకూరు బస్సెక్కి మీ ఊరెళ్ళిపో" అన్నారు.

క్యాంపసులో ప్రతి కేబులూ తన చేత్తో లాగిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ వైర్ల మామ అనేవాళ్ళు. ఆయనకు నా పథకం మీద బొత్తిగా నమ్మకం లేదు.

"ఏమప్పా, గాల్లో పోయేదానికి తాళం యాడ ఏస్తావు? దావన పోయేవాడు వాడుకోడా?"

"ఎవరి తాళం వాళ్ళకే మామా! పేరు, పాస్‌వర్డు చెప్పకుంటే ఎవర్నీ లోపలికి రానీదు."

"శానా సంతోషం. హాస్టల్‌కు నేనేసిన పాత తీగె మాత్రం పీకొద్దు."

"దాన్ని మ్యూజియంలో పెట్టిస్తాలే మామా!" అన్నాను. (ఎంత పొగరో చూడండి.)

ఆ సాయంత్రం పరీక్షిస్తే సిగ్నలు గుర్రంలా పరుగెత్తింది. మేడ మీద ఒక్కణ్ణే ఎగిరి గంతేశాను. తెల్లారి పది గంటలకు హాస్టల్ హాల్లో రిజిస్ట్రారుగారు, చుట్టూ ల్యాప్‌టాపులతో వందమంది పిల్లలు. సిగ్నలు సున్నా!

"అన్నా, తిరుగుతానే ఉండాదన్నా!"

"గుండ్రం తప్ప ఏం రాలేదన్నా!"

హాల్లోని వైఫై పెట్టెలన్నీ ఆపి మళ్ళీ వేశాను. పాస్‌వర్డులు చూసే కంప్యూటరు దగ్గరికి పరుగెత్తాను. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క నా ముఖం తప్ప. తిరిగి వచ్చేసరికి రిజిస్ట్రారుగారు గడియారం చూసుకుంటూ, "మైదుకూరు బస్సు ఎన్నింటికయ్యా?" అన్నారు.

అప్పుడు వైర్ల మామ ఏమీ ఎరగనట్టు మూలకు పోయి, దుమ్ము కొట్టుకున్న తన పాత తీగె కొసను తుడిచి, నా పెట్టెలో గుచ్చాడు. అంతే! హాలంతా ఈలలు! ఒక్కొక్కరూ పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి పోతున్నారు. హాల్లో వైఫై నాది, దాని వెనక ప్రాణం మామ తీగెది. "శభాష్!" అని రిజిస్ట్రారుగారు నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

మేమిద్దరం లైబ్రరీ మేడెక్కి చూస్తే, యాంటెన్నా ముఖానికి సరిగ్గా అడ్డంగా పసుపు, కుంకుమ పూసిన పెద్ద బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది! కొత్త వస్తువుకు దిష్టి తగలకూడదని లైబ్రరీ అటెండరు కట్టాడట.

"కాయ నిండా నీళ్ళే గదప్పా! నీ సిగ్నలంతా దాంట్లో మునిగిపోయింటాది" అన్నాడు మామ. కట్టిన దిష్టికాయను తీసేయడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. కాయను యాంటెన్నా స్తంభం వెనక్కి జరిపి కట్టాం. సిగ్నలు మళ్ళీ గుర్రమైంది. మామ తీగె మాత్రం పెట్టెలోనే ఉంచేశాను. ఆ హాస్టల్‌కు ఈరోజుకీ గాలి దారి ఒకటి, తీగె దారి ఒకటి.

ఇక ఒట్టు సంగతి. స్వామి క్షమించాలి, అటెండరు అనేవాడు నా కల్పన. ముందురోజు సాయంత్రం గంతేసిన ఊపులో బజారుకు పోయి, ఉన్నవాటిలో పెద్ద కాయ బేరమాడి, భుజాన మోసుకుంటూ మూడంతస్తులెక్కి కట్టింది నేనే. నా గోళ్ళలో పసుపు చూసి కూడా మామ, "ఎవురు కట్టినారో ఏమో పాపం" అని ఊరుకున్నాడు. ఊరంతా అసూయ పడేంత గొప్ప పని చేశాననుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కుతున్న ఆ కుర్రవాడు ఇప్పటికీ కళ్ళముందు కదులుతాడు. ఈ వయసులో నాకు ఏ పని చేసినా దిష్టి భయం కలగడం లేదు. అదే కొంచెం వెలితి.