పాటిదిబ్బ మీద మా అత్త

నన్ను మొదటిసారి పాటిదిబ్బ మీద నుంచి దిగిపొమ్మన్నది మా ఆయన మేనమామ. కూలీలు, పాళెం జనం చూస్తుండగా, పైరులో పడ్డ గొర్రెను అదిలించినట్టు అదిలించాడు.

"దిగమ్మీ కిందికి. ఈడ నీకేం పని? ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా?"

నా చేతిలో అప్పుడే నేల మీద నుంచి తీసిన పెంకు ఉంది. లోపల నలుపు, బయట ఎరుపు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి, దిబ్బకు ఏ పక్క దొరికిందో చీటీ మీద రాస్తూ, "ఇది రాసుకొని దిగుతాను మామా" అన్నాను. రాయడం అయింది. ఇంతలో ఇంకో పెంకు కనబడింది. వంగి దాన్నీ తీశాను. ఆయన నిలబడ్డంతసేపూ నిలబడి, బుల్లెట్టు స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

ఆ దిబ్బ కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జాలర్ల ఊరు పట్టపుపాళేనికి కాస్త ఇవతల ఉంది. ఎప్పుడో ఊరుండి పాడుపడిన చోటును మా వైపు పాటి అంటారు. ఆ మన్ను పైరుకు బలమని రైతులు ఏళ్ల తరబడి బండ్ల మీద తోలుకుపోగా మిగిలిన మెట్ట అది. సర్కారు తుమ్మ తప్ప ఏమీ పెరగదు. వాన వెలిసిన మర్నాడు మాత్రం నేల నిండా కుండ పెంకులు, ఇటుక ముక్కలు, శంఖపు గాజుల తునకలు తేలతాయి.

నేను కోటలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. వారమంతా ఇతరుల రక్తం, ఇతరుల భయం. ఆదివారం నాది. ఆ ఆదివారాన్ని నాకు ఇచ్చినవాడు రిటైరైన ఒక బస్సు కండక్టరు. మేమంతా కండక్టరన్న అంటాం. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో ట్రాక్టర్ల నిండా పాటిమన్ను పోవడం, అందులోంచి పెంకులు రోడ్డు మీద రాలడం చూసి చూసి, రిటైరయ్యాక నలుగురిని పోగుచేసి సంఘం పెట్టాడు. సంఘమంటే పెద్ద మాటే. ఆయన, నేను, ఇద్దరు మాస్టర్లు, ఎండుచేపల వ్యాపారం చేసుకునే పాళెం అమ్మాయి ఒకతె. మాకున్న నియమం ఒక్కటే: పలుగు పట్టకూడదు. తవ్వడానికి మాకు హక్కు లేదు, చదువూ లేదు. నేల మీద ఉన్నది చూస్తాం, ఫొటో తీస్తాం, ఎక్కడ దొరికిందో రాస్తాం, మ్యూజియం వాళ్లకు చెప్తాం. వాళ్లు ఒక్కోసారి పలుకుతారు, ఒక్కోసారి పలకరు.

ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వుకు మేం అలవాటు పడ్డాం. కానీ మామ తన పొలంలో ఉన్న ఆ దిబ్బను చదును చేసి రొయ్యల గుంటలు వేయాలనుకున్నాక నవ్వు పోయి, మాట మారింది. మేం గుప్తనిధుల కోసం తిరుగుతున్నామని పుకారు పుట్టింది. కండక్టరన్నను స్టేషనుకు పిలిపించి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆయన తన సంచీలోని పెంకులన్నీ బల్ల మీద పరిచి, "ఇదే సార్ మా నిధి. కావాల్నంటే తూకమెయ్యండి" అన్నాడట. టీ తాగించి పంపేశారు. ఆ మరుసటి ఆదివారం ఆయన అందరికంటే ముందు వచ్చి దిబ్బ మీద నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

మా ఇంట్లో గొడవ వేరే రకం. మా ఆయనను చదివించింది ఆ మేనమామే. పెళ్లి మాటలు మాట్లాడింది ఆయనే. మా ఆయన మెత్తటి మనిషి, ఎవరితోనూ ముఖం చెడగొట్టుకోలేడు.

"ఆదివారం ఇంకో చోటికి పోకూడదా?" అని అడిగాడు.

"పోవచ్చు. ఆ దిబ్బ ఇంకో చోట లేదు కదా."

"మామను కాదని నేనేం చెప్పగలను?"

"నువ్వేం చెప్పొద్దు. నన్ను ఆపకుండా ఉంటే చాలు."

ఆపలేదు. అప్పట్లో అదే చాలా పెద్ద సాయం అనిపించింది.

ఒక సాయంత్రం మామే ఇంటికొచ్చాడు. మా అత్త ఆయనకు చెల్లెలు. మా ఆయన తండ్రి పోయిన తర్వాత మా దగ్గరే ఉంటోంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్న ఇంట్లో అడుగు పెడితే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తలుపు పక్కన నిలబడేది. ఆ రోజూ అట్లాగే నిలబడింది.

"నీ కోడలు నా పరువు తీస్తా ఉంది. బుద్ధి చెప్పు" అన్నాడు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లింది.

ఆయన వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "ఏం దొరికినాయి నీకు? చూపియ్" అంది.

అంత కాలంలో ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. కవర్లన్నీ మంచం మీద పరిచాను. ఆమె పెంకుల జోలికి పోలేదు. ఒక కవరులో ఎర్రరాతి పూస ఉంది, మినపగింజంత, మధ్యలో సన్నటి బెజ్జం. దాన్ని అరచేతిలో వేసుకొని కిటికీ దగ్గరికి నడిచింది.

"వాన పడినాక దిబ్బెక్కి ఇవి ఏరేదాన్ని. చిన్నప్పుడు. దండ గుచ్చుకున్నా. ఎంత పొడుగు దండో! మా అన్న చూసినాడు. ఆడపిల్ల దిబ్బల మీద తిరగడమేందని తెంపి కాలవలో పారేసినాడు."

"ఏడవలేదా అత్తా?"

"ఏడ్చినా. ఎవురూ అడగలా."

పూస తిరిగి కవర్లో వేసి, కవరు మూతి రెండుసార్లు నొక్కి చూసి నాకిచ్చింది.

పొక్లెయిన్ వచ్చిన రోజు నేను ల్యాబులో ఉన్నాను. పాళెం అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, దిబ్బ కోస్తా ఉండారు. బావి బయటపడింది. కాల్చిన మట్టి ఒరలు, ఒకదాని మీద ఒకటి. పైవి రెండు పగిలిపోయినాయి. నేను అడ్డం నిలబడి అరస్తా ఉండా, బిరిన రాండి."

చేతిలో ఉన్న శాంపిల్ పక్కవాళ్లకు అప్పజెప్పి ఇంటి మీదుగా బయలుదేరాను. సంచి తీసుకుంటుంటే అత్త గొడుగు పట్టుకొని వాకిట్లోకి వచ్చింది.

"నేనూ వస్తా."

"ఎండగా ఉంది అత్తా."

"గొడుగుండాది గదా."

ఇద్దరమూ ఆటో ఎక్కాం.

దిబ్బకు తూర్పు పక్క సగం కోసేసి ఉంది. ఆ కోతలో, కేకు ముక్క తీసిన చోట పొరలు కనబడ్డట్టు, బూడిద, ఇటుక, మన్ను చారలు చారలుగా కనబడుతున్నాయి. వాటి మధ్య నిలువుగా ఆ బావి. ఇప్పుడు మనం సిమెంటు ఒరలు దించుతామే, అచ్చం అట్లాగే, కాల్చిన మట్టి ఒరలు. లోపల నల్లటి ఒండ్రు. సముద్రపు హోరు వినబడే చోట, ఉప్పునేలలో, తియ్యటి నీళ్ల కోసం ఎవరో ఇంత ఓపికగా ఒరలు కాల్చి దించుకున్నారు. పగిలిన పై ఒరలు చూసి నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కండక్టరన్న అప్పటికే మామతో వాదిస్తున్నాడు. రెవెన్యూ ఆఫీసు మనిషి ఒకాయన బైకు మీద వచ్చి మామ పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి, "మీరెవరమ్మా? పురావస్తు శాఖా? డిగ్రీ ఏమైనా ఉందా?" అన్నాడు.

"లేదు సార్. అందుకే మేం ముట్టుకోవడం లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదంటున్నాం. నా దగ్గర వాళ్ల నంబరుంది. మీరే చెయ్యండి."

ఆయన ఫోన్ జేబులోంచి తీయలేదు. నేనే చేసి, స్పీకర్ పెట్టాను. అవతల మ్యూజియం ఆఫీసరు ఫొటోలు పంపమన్నారు, తాము వచ్చేదాకా పని ఆపమని చెప్పమన్నారు. మామ అది విని నవ్వాడు.

"ఫోన్లో చెప్తే ఆపేదానికి ఇదేమన్నా టీవీనా? తోలు అబ్బయా!" అని డ్రైవర్ వైపు చెయ్యి ఊపాడు.

ఇంజను గర్జించింది. మేం అటు తిరిగేలోపు మా అత్త కోత అంచున, బావి పక్కన, పాళెం అమ్మాయి చెయ్యి పట్టుకొని కూర్చుంది. గొడుగు విప్పి తల మీద పట్టుకుంది. డ్రైవర్ ఇంజను ఆపేశాడు.

"పెద్దామె మీదికి నేను తోలను సామీ" అని కిందికి దిగాడు.

మామ ఆమె దగ్గరికి పోయి, "లెయ్యే" అన్నాడు.

"లెయ్యను."

"కండ్లు తిరిగి పడతావు."

"పడితే వీళ్లు లేపుతారు. నువ్వు పో అన్నా."

"ఇది నా పొలం. నా పొలంలో కూర్చోని నన్ను పొమ్మంటావా?"

"పొలం నీది. దిబ్బ నాది. నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చినాడు. పెండ్లి పందిట్లో అందరి ముందర చెప్పినాడు. ముండ్లదిబ్బ ఇచ్చినాడే నా చెల్లెలికి అని నువ్వు నవ్వినావు."

"కాగితం యాడుంది?"

"కాగితం లేదు. నీకు గుర్తుండాదా లేదా, అది చెప్పు."

కూలీలు తలలు దించుకున్నారు. రెవెన్యూ మనిషి బైకు అద్దంలో ఏదో చూసుకుంటున్నాడు. గుర్తు లేదని చెప్పడం మామకు ఎంత తేలికో నాకు తెలుసు. ఆయన గురించి నేను ఎన్ని చెప్పినా, ఆ అబద్ధం మాత్రం ఆడలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. డ్రైవర్ బండికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొని నాయుడుపేట బస్సెక్కాడు.

ఆఫీసర్లు వచ్చేదాకా మేం వంతులు వేసుకొని అక్కడ కూర్చున్నాం. నాకు ల్యాబులో సెలవు ఇవ్వనన్నారు. ఇవ్వకపోయినా ఉన్నాను. పాళెం ఆడవాళ్లు అన్నమూ చేపల పులుసూ తెచ్చి పెట్టారు. ఒకామె, "ఆ బావి నీళ్లు తాగినోళ్లు మా వాళ్లే అయ్యుంటారులే" అంది. అయ్యుండొచ్చు. మాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, తెలుసుకునే దారి మూసేయడం తప్పు అని కండక్టరన్న అన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. నీళ్ల క్యాను దించి, వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. మామ ఫోన్ చేస్తే అందరి ముందరే ఎత్తి, "అమ్మ దగ్గరుండాను మామా. లేచి రాను" అన్నాడు. చెప్పాక చెమట తుడుచుకున్నాడు. ఆ మనిషిని నేను పెళ్లి చేసుకున్న నాటి కంటే ఆ పూట ఎక్కువ ఇష్టపడ్డాను.

ఆఫీసర్లు వచ్చి కొలిచారు, గీశారు, ఒండ్రు కొంచెం సంచుల్లో కట్టుకున్నారు. మేం దాచిన కవర్లన్నీ చూసి, చీటీలు తీయకుండా అట్లాగే తీసుకెళ్లారు. తర్వాత బావిని ఇసుకతో నింపి కప్పించారు, మిగిలిన దిబ్బను కోయకూడదని మామకు చెప్పారు. గెలిచామా అంటే, సగమే. కోసిన సగం ఎప్పటికీ రాదు. మూడు పక్కలా గుంటలు వచ్చాయి, ఏరియేటర్లు రోజంతా నీళ్లు చిమ్ముతుంటాయి, ఉప్పు దిబ్బ అంచుల్లోకి ఊరుతోంది. కాపాడుతున్నామని బోర్డు కూడా లేదు. అడుగుతూనే ఉన్నాం.

మామ మాతో మాట్లాడడం మానేశాడు. మనవరాలి పెళ్లికి పిలవలేదు. ఆ రోజు మా అత్త పట్టుచీర కట్టుకొని వరండాలో కూర్చుంది. బాధగా ఉందా అంటే, "ఉండదా మరి? తోడబుట్టినోడు" అంది. "అట్లని నాది కాదంటానా?"

ఇప్పుడు ఆదివారాలు ఆమె కూడా వస్తుంది. దూరంగా ఇంకో పాటి ఉంది. దాని యజమాని చుట్టూ ఇనుపకంచె వేయించి, కాపలా పెట్టాడు. మొన్న మేం పోతే కాపలా మనిషి లోపలికి రానివ్వలేదు. కంచె బయట, పంచాయతీ రోడ్డు పక్క కాలవలో, వానకు కొట్టుకొచ్చిన పెంకులు కుప్పగా ఉన్నాయి. మా అత్త చెప్పులు విడిచి కాలవలోకి దిగింది.

"ఏందవ్వా, ఈడ దిగబాకండి! మా సారు తిడతాడు" అని అతను అరిచాడు.

"మీ సారును రమ్మను" అంది అత్త. "రోడ్డు కూడా ఆయనదేనేమో అడుగుతా."

కండక్టరన్న కవర్లు విప్పాడు. నేను పెన్ను తీశాను.