మామ టేకుచెట్టుకు పర్మిషన్ కోసం ప్రొద్దుటూరు దాకా

మన గట్టు మీద మన చెట్టు కొట్టుకోవడానికి ప్రొద్దుటూరు దాకా పోయి అడుక్కోవాలా అని మా మేనమామ వారం రోజులుగా రుసరుసలాడుతున్నాడు. అడగాల్సిందే. సొంత పట్టా భూమిలో ఉన్నా సరే, టేకు మీద గొడ్డలి పడాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కొట్టిన దుంగ రోడ్డెక్కాలంటే ఇంకో కాగితం కావాలి. ఈ రెండు ముక్కలు ఆయన బుర్రకెక్కించడానికి టీచరుగా నా ఇరవై ఏళ్ల అనుభవం చాలలేదు.

ఇంతకూ విషయమేమిటంటే, మామ కొడుకు రమణ పులివెందులలో ఇల్లు కడుతున్నాడు. ఇంకో పదిహేను రోజుల్లో తలవాకిలి నిలబెట్టడానికి ముహూర్తం. పోయినేడు చనిపోయిన మా అత్త తన చేత్తో నాటిన టేకుతోనే ఆ వాకిలి చేయించాలని రమణ పట్టు. ఆఫీసు భాష నాకు వచ్చని మామకు తోడుగా నన్ను తగిలించాడు.

శుక్రవారం ఉదయం ఏడుంబావుకు పులివెందులలో పల్లెవెలుగు ఎక్కాం. నాకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు, మామకు దుడ్లిస్తే టికెట్టు. "మొగోడుగా పుట్టడమే తప్పయిపోయినాది," అని ముద్దనూరు దాకా సణిగాడు. కిటికీ సీటు కూడా నాకే దక్కడంతో ఆయన బాధ రెట్టింపైంది.

ముద్దనూరు దాటాక సంచిలోంచి ఒక కవరు తీశాడు. దరఖాస్తుతో పాటు చెట్టు ఫోటో పెట్టాలని నేనే చెప్పి ఉన్నాను. ఫోటో లాక్కుని చూశాను. చెట్టుకు పసుపూ కుంకుమా, మొదలు దగ్గర తాజా గొడ్డలి గాటు, పక్కనే గొడ్డలి భుజాన పెట్టుకుని మా మామ. స్టూడియోలో పెద్ద సైజులో వేయించి మరీ తెచ్చాడు.

"ఇదేంది మామా?"

"మంచి గడియలో తొలివేటు ఏయాల గదమ్మీ. అయ్యవారు సోమవారం అన్నాడు. ఏసినా."

"పర్మిషన్ రాకముందేనా?"

"ముహూర్తం గవుర్మెంటు కోసం ఆగుతాదా?"

ముందు సీటు పెద్దాయన ఫోటో వంక తొంగిచూసి, "ఇది సూపిస్తే నిన్ను ఆడ్నే కూర్చోబెడతారప్పా. అన్నం నీళ్లు వాళ్లే పెడతారులే," అని ధైర్యం చెప్పాడు.

తొమ్మిదింటికి జమ్మలమడుగులో దిగాం. బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ. బజ్జీలు బాగున్నాయి, టీ మాత్రం తాగకండి. వాకిలి చేయబోయే వడ్రంగి అక్కడికే వచ్చి, పర్మిట్ లేకపోతే కొయ్య కోసే సామిల్లులో దుంగ దించనివ్వరని మళ్లీ చెప్పి పోయాడు. మామ తలూపుతూ ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

పదకొండుకు ప్రొద్దుటూరు. ఆఫీసులో అధికారి ముప్పై ఏళ్ల అమ్మాయి. నేను ఫోటోను సంచి అడుగుకు తోసేసి, మర్యాదగా దరఖాస్తు అందించి, మాటలు కూడదీసుకుంటున్నాను. మామ సంచి లాక్కుని ఫోటో తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"గాటు నేనే ఏసినా మేడం. తప్పే. మీరు కాదన్నా నేనేమీ అనుకోను."

వంద మంది పిల్లల ముందు కూడా నా పరువు ఎప్పుడూ ఇంతగా పోలేదు. కుర్చీ కింద దూరిపోదామనిపించింది. ఆమె ఫోటోనూ మామనూ మార్చి మార్చి చూసి నవ్వు ఆపుకుంది.

"పెద్దాయనా, చెట్టు కూల్చి ఉంటే కేసు పెట్టేదాన్ని. ఒక గాటుకు హెచ్చరిక చాలు. సోమవారం మావాళ్లు వచ్చి కొలుస్తారు, బుధవారానికి అనుమతి మీ చేతికిస్తాం. ఒకటి కొడితే రెండు నాటాలి, గుర్తుంచుకోండి."

నేను ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. మామ మాత్రం ఒక దండం పెట్టి లేచాడు. గేటు దాకా వచ్చాక కళ్లజోడు మరిచిపోయానని మళ్లీ లోపలికి పోయాడు, పది నిమిషాలకు వచ్చాడు. దారిలో కారం దోసె పెట్టించాను. సగం వదిలేశాడు.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు. ఊరు దాటగానే రమణకు ఫోన్ చేశాడు.

"ఇయ్యరంట నాయనా. రూలు ఒప్పుకోదంట. అంగట్లో కొయ్య కొను."

నేను నోరు తెరిచేలోపు ఫోన్ పెట్టేసి, జేబులోంచి మడిచిన కాగితం తీసి నా ఒళ్లో పెట్టాడు. మా దరఖాస్తు. వాపసు తీసుకుని వచ్చాడు.

"రెండోవేటు ఏయలేకపోయినా అమ్మీ. చేయి లేయలేదు. మీ అత్త నీళ్లు మోసి పెంచిన చెట్టది. పొద్దునపూట పోయి దానికింద కూర్చుంటా. యాడన్నా కూర్చోవాల గదా నేను."

"ఆ మాట రమణకు చెప్పొచ్చు గదా."

"వాళ్లమ్మ ఇంట్లోకి రావాలని వాడి ఆశ. నేనెట్ల కాదనేది? గవుర్మెంటు కాదంటే వాడి కోపం గవుర్మెంటు మీదికి పోతాది. ఫోటో చూస్తే ఎల్లగొడతారనుకుంటి. ఆ బిడ్డ మంచిదై పోయె."

పొద్దున్నుంచి ఈయన్ని ఎన్నిసార్లు తెలివితక్కువవాడని తిట్టుకున్నానో లెక్కలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని కిటికీ సీటు ఆయనకిచ్చాను.

ఆ ఆఫీసుకు పోయేవాళ్లకు నేను చెప్పేదొకటే: పొలం పాసుబుక్కు, ఆధార్, చెట్టు ఫోటో ఉంటే పని అవుతుంది. చెట్టు కొట్టాలో వద్దో మాత్రం ఇంట్లోనే తేల్చుకుని పోండి.

ముద్దనూరు దగ్గర నా ఫోన్ మోగింది. రమణ.

"వదినా, నిజంగానే కుదరదన్నారా?"

మామ నా వైపు తిరగలేదు. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు.

"కుదరదన్నారు రమణా," అన్నాను. "కాళ్లావేళ్లా పడినా వినలేదు. ఆ మేడం శానా కఠినం."