తప్పంతా బటన్‌దే

మిల్లీసెకను మావయ్య లెక్క ప్రకారం లోకంలో మనుషులెవరూ ఆలస్యం చెయ్యరు. చేసేవన్నీ యంత్రాలే.

మనస్తత్వ ప్రయోగశాలలో ఆయన ప్రోగ్రామర్. తెరమీద చుక్క పడ్డాక మనిషి ఎంతసేపటికి బటన్ నొక్కాడో కొలిచే ప్రోగ్రాములు రాయడం ఆయన పని. 'ఇంతసేపు ఆగు' అంటే కంప్యూటరు అంతసేపే ఆగాలి. రెప్పపాటులో పిసరంత ఎక్కువ ఆగినా ఆయనకు ఆ పూట ముద్ద దిగదు. అక్కడే పరిశోధన చేస్తున్న మేనకోడలు "మావయ్యా" అని పిలవడంతో ఆయన అందరికీ మావయ్యే అయిపోయాడు.

ఒకసారి మేనకోడలు మీటింగు సగంలో ఊడిపడింది.

"నిద్రపోయాను మావయ్యా."

"నువ్వు కాదే, నీ అలారం నిద్రపోయింది. ఫోనిలా తే."

ఫోను విప్పి బాగుచేశాడు. ఆ తర్వాత అది మళ్ళీ మోగితే ఒట్టు.

ఇంట్లో కూర మాడితే పొయ్యికి తిట్లు. "పొయ్యి కాదండీ, నేనే సీరియల్ చూస్తూ మర్చిపోయా" అని అత్తయ్య మొత్తుకున్నా వినడే!

"నువ్వు దాన్ని వెనకేసుకు రాకు" అనేవాడు.

మేనకోడలి ప్రయోగానికి ఒకరోజు రిటైరైన టైపిస్టు ఒకావిడ వచ్చింది. ముందుగా చేయించే ప్రాక్టీసులోనే చుక్క వచ్చి పోయాక గానీ ఆవిడ వేలు కదల్లేదు. మొహం చిన్నబోయింది.

"ఒకప్పుడు నా వేళ్ళు గుర్రాల్లా పరిగెత్తేవమ్మా. ఇక పనికిరాను, వెళ్ళొస్తా" అంటూ సంచీ అందుకుంది.

మావయ్య ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో!

"అయ్యో, ఆ మొద్దు బటన్ మీకిచ్చారా? కూర్చోండమ్మా, వేరేది తెస్తా. ఇది ఉత్త ప్రాక్టీసే, లెక్కలోకి రాదు."

బటన్ పీక్కుని పక్కగదిలోకి వెళ్ళాడు. మేనకోడలు వెంటపడింది. ఆయన దాన్ని చొక్కాకు తుడుస్తూ తీరిగ్గా నిలబడి ఉన్నాడు.

"బాగుచెయ్యవా?"

"బాగానే ఉంది. పొద్దున్నే కొలిచా."

"మరి?"

"ఆవిడ చేతులు చూశావా? వణుకుతున్నాయి. మన గడియారం ఆవిడ వేగాన్ని కొలవాలి గానీ భయాన్ని కాదు. కాసేపు ఆగుదాం. వెళ్ళి మంచినీళ్ళివ్వు, టైపు మిషన్ల కబుర్లు అడుగు."

మేనకోడలు ఆయన మొహంలోకి కొత్తగా చూసింది. ఇన్నాళ్ళూ ఆయన యంత్రాల్ని తిట్టింది యంత్రాల మీద కోపంతో కాదన్నమాట!

కబుర్లయ్యాక మావయ్య ఆ బటన్‌నే తెచ్చి తగిలించాడు. ఈసారి చుక్క పడటమే తడవు, ఆవిడ టక్కున నొక్కేసింది.

"చూశావామ్మా, ఈ కొత్తది ఎంత చురుగ్గా ఉందో!" అంది మేనకోడలితో.

వెళ్తూ వెళ్తూ మావయ్యను మందలించింది. "ఆ పాతదాన్ని పారెయ్యండి బాబూ. ఎంతమంది ఉసురు పోసుకుంటుందో!"

"ఇవాళే పారేస్తానమ్మా" అన్నాడు మావయ్య, దాని తీగను ముద్దుగా చుట్టి జేబులో పెట్టుకుంటూ.